బండరాళ్ళ వేగం

ముప్ఫై ఏళ్ళ కిందటి పాట ఒకటి ఉన్నట్టుండి ఊళ్ళో ప్రతి ఫోన్లోనూ మోగడం మొదలుపెట్టింది. వాయించింది ‘బండరాళ్ళు’ అనే రాక్ బ్యాండు. ఆ రోజుల్లో వాళ్ళ కచేరీలకు వచ్చినవాళ్ళలో సగం మంది వానకు తలదాచుకోవడానికి వచ్చినవాళ్ళు, మిగతా సగం మొహమాటానికి వచ్చిన చుట్టాలు. బ్యాండులో ముగ్గురే. గిటారు వాయించినవాడు ఇప్పుడు పళ్ళ డాక్టరు. పాడినవాడు కారు నడపడం నేర్పుతూ, పక్క సీట్లోంచి అరిచి అరిచి గొంతు పాడుచేసుకున్నాడు. డ్రమ్ములు వాయించినవాడు వాషింగ్ మిషన్లు బాగుచేసే మెకానిక్. పాటగాడి చెల్లెలే ఇతని భార్య. ఇప్పుడు చెప్పబోయేది ఈ మెకానిక్ అవస్థ.

డాక్టరుగారి కూతురికి ఓ సొరుగు అడుగున ఆ టేపు దొరికింది. దాన్ని ఫోన్లోకి ఎక్కించి స్నేహితులకు పంపింది, వాళ్ళు ఇంకొందరికి పంపారు. విన్నవాళ్ళు విన్నట్టే నోళ్ళు వెళ్ళబెట్టారు. “ఆ డ్రమ్ములేంట్రా బాబూ! మనిషా, మరమగ్గమా?” అన్నారు. పాట చివర్లో ఎవరో చిన్నపిల్ల కీచుగా అరుస్తుంది. అది కూడా అందరికీ తెగ ముద్దొచ్చేసింది. డాక్టరుగారి కూతురు ఊరుకోకుండా తమ కాలేజీలో బండరాళ్ళ కచేరీ కూడా ఏర్పాటు చేసేసింది.

మెకానిక్ ఆ పాట మొదటిసారి విని, “నేనింత వాయించేవాణ్ణా!” అని ఆశ్చర్యపోయాడు. రెండోసారి విన్నాక, వాయించేవాణ్ణే అనుకున్నాడు. మనల్ని పొగిడే మాటకు సాక్ష్యం ఎవరడుగుతారు? ఆ వారమంతా అతని కాళ్ళు నేలమీద ఆనలేదు.

చిక్కు సాధన దగ్గర వచ్చింది. షాపులో ఫోను పెట్టుకుని, బాగుచేయడానికి వచ్చిన మిషన్ మూత మీద కర్రలు ఆడించాడు. టేపు మొదటి చరణం దాటేసరికి తను పల్లవిలోనే ఉన్నాడు. పంతం పట్టి మళ్ళీ వాయించాడు. మణికట్లు వాచాయి, మూత సొట్టపడింది. దాని తాలూకు ఆవిడ వచ్చి నానా మాటలూ అని వెళ్ళింది.

ఇంటికొచ్చి రెండు చేతులూ వేణ్ణీళ్ళ బకెట్లో పెట్టుకు కూర్చున్నాడు.

“వయసు మీద పడింది. దానికింత దిగులెందుకు?” అంది భార్య.

“దిగులు కాక ఇంకేంటే? మనకి పేరు రాలేదంటే లోకానికి చెవులు లేవనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇప్పుడు లోకం వచ్చి గుమ్మంలో నిలబడితే, నాకు చేతుల్లేవు.”

ఆ మాట అంటూనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తుడుచుకుందామంటే చేతులు బకెట్లో ఉన్నాయి. ఆవిడకు జాలేసింది. చెంగుతో అతని మొహం తుడిచి, ఇంతకీ ఈయన్ని ఇంతగా ఏడిపిస్తున్న పాటేమిటో చూద్దామని ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. పాట ఆసాంతం వినడం ఆవిడకి అదే మొదలు. చివర్లో ఆ చిన్నపిల్ల అరుపు రాగానే ఉలిక్కిపడింది.

“ఏవండీ, ‘ఇల్లనుకున్నారా, సంతనుకున్నారా’ అంటోంది. ఇది పిల్ల కాదండీ. మా అమ్మ!”

మెకానిక్ తడి చేత్తోనే ఫోను లాక్కుని విన్నాడు. నిజమే, అది అత్తగారి మాటే. కానీ అత్తగారిది బొంగురు గొంతు. ఆవిడ ఇంట్లో దగ్గితే వీధిలో బేరాలాడేవాళ్ళు ధర తగ్గించేవారు. అలాంటి గొంతు ఎలకపిల్లలా కీచుమనడమేమిటి?

మరుక్షణం అతనిలోని మెకానిక్ మేలుకున్నాడు. ఆ రోజు అత్తగారింటి ముందుగదిలో రికార్డింగు. కరెంటు పోయింది. మామగారి టార్చిలోంచి కొనప్రాణంతో ఉన్న బ్యాటరీలు ఊడదీసి టేపురికార్డర్లో వేసింది సాక్షాత్తూ తనే. నీరసంగా తిరిగే టేపు మీద ఎక్కిన పాట, సరైన వేగంతో తిప్పితే పరుగందుకోదూ, గొంతులు కీచుమనవూ! పాట అవగానే బ్యాటరీలు చచ్చాయి. తర్వాత దాన్ని విని చూసిన పాపాన ఎవరూ పోలేదు.

“అయితే నేనెప్పుడూ అంత వేగంగా వాయించలేదు!” అని కేకేశాడు. ఇంత సంతోషంగా తన తక్కువతనం చాటుకున్న మనిషి ఇంకొకడు ఉండడు.

“నాకు తెలుసుగా, మీరెప్పుడూ నిదానమే,” అంది భార్య.

మర్నాడు డాక్టరు క్లినిక్కులో ముగ్గురూ సమావేశమయ్యారు.

“అందుకా నా గొంతు అంత సన్నగా ఉంది! అది నా గొప్పేనని ఇంట్లో చెప్పేసుకున్నాను కూడా, బావా,” అని వాపోయాడు పాటగాడు.

“నోరు మూసుకుందాం. వెనక టేపు పెట్టేసి, పైపైన చేతులాడిద్దాం. వచ్చిన పేరు చెడగొట్టుకోవడమెందుకు?” అన్నాడు డాక్టరు.

మెకానిక్‌కి ఆశ లేదంటే అబద్ధమే. అయినా తల అడ్డంగా ఊపాడు.

“వద్దురా. ఈ చేతులు పాడైపోయాయని నిన్న కూర్చుని ఏడ్చాను. అవి అప్పుడెలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. వాటిని జనం ముందు ఒక్కసారి వాయించనివ్వండి.”

కచేరీ రోజు హాలు కిక్కిరిసింది. బండరాళ్ళు తమ అసలు వేగంతో మొదలుపెట్టారు. కుర్రాళ్ళు కాసేపు మొహమొహాలు చూసుకున్నారు. “స్పీడు పెంచండి!” అని వెనకనుంచి కేకలు మొదలయ్యాయి. డాక్టరు కంగారుపడి గిటారును పరుగెత్తించబోయాడు. మెకానిక్ ఒక్క దెబ్బ కూడా తొందరపడలేదు. గిటారు తల వంచుకుని వెనక్కి వచ్చింది. పాట అయ్యాక భార్య చప్పట్లు గట్టిగా, మిగతావాళ్ళవి మర్యాదగా వినిపించాయి.

డ్రమ్ములు వ్యానులోకి ఎక్కిస్తుంటే ఓ కుర్రాడు దగ్గరికొచ్చాడు.

“ఏమీ అనుకోకండి తాతగారూ. టేపులో ఆయన ముందు మీరు ఆగలేరు. ఇంతకీ ఆయనేమయ్యారు?”

పాటగాడు నోరు తెరవబోతే మెకానిక్ కళ్ళతోనే వారించాడు.

“ఆయన మానేశాడు బాబూ. నేను కొత్తగా చేరాను.”

“అలాగా! పర్లేదు, రోజూ వాయిస్తూ ఉంటే చెయ్యి తిరుగుతుంది లెండి,” అని ధైర్యం చెప్పి వెళ్ళాడు కుర్రాడు.

భార్య నవ్వాపుకోలేక వ్యాను తలుపు పట్టుకుంది. మెకానిక్ మొహం మాత్రం వెలిగిపోతోంది.

“విన్నావా బావా? రోజూ వాయించాలట. రేప్పొద్దున్నే షాపుకొచ్చెయ్యి.”