ముందొచ్చిన బరువు

రోజూ పొద్దున పది కాగానే మెహరున్నీసా బ్రష్షు గ్లాసులో వేసి, గ్రాఫు కాగితం మీద రంగు ఆరడానికి వదిలి, వీధి చివరున్న ఎస్టీడీ బూతుకు పోయేది. హిందూపురంలో కంప్యూటర్ల అంగడి పెట్టుకున్న నౌషాద్‌కు ఫోను చేసేది. ధర్మవరంలో ఆ వీధి మొత్తానికీ ఈ ఫోను సంగతి తెలుసు. బూతులోంచి బయటికొచ్చే ఆమె ముఖం చూసి, ఈరోజూ రాలేదనుకుని ఎవరి పనిలో వాళ్ళు పడేవాళ్ళు.

"నౌషాదన్నా, ధర్మవరం నుంచి చేస్తాండా."

"రేపొస్తాదమ్మా."

"నిన్న కూడా రేపనే అంటివి కదన్నా."

"నిన్న మద్రాసులో ఉన్నింది. ఇప్పుడు బెంగుళూరుకొచ్చింది. దగ్గరికే వస్తాండాది కదా, ఎందుకంత తొందర?"

రెండువేల ఆరు ఫిబ్రవరిలో ల్యాప్‌టాప్ కావాలని ఆమె అడ్వాన్సు కట్టినప్పుడు నౌషాద్ పది రోజులన్నాడు. పది రోజులయ్యాక ఓడరేవులో సమ్మె అన్నాడు. సమ్మె అయ్యాక లారీ చెడిపోయిందన్నాడు. తర్వాత పెట్టె వచ్చింది గానీ చార్జరు రాలేదని, చార్జరు కోసం పెట్టెను కూడా వెనక్కి పంపానని చెప్పాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నౌషాద్ ఆ మాత్రం కష్టం కూడా పడలేదు.

మెహరున్నీసాది పట్టుచీరల డిజైన్లు గీసే పని. చిన్న చిన్న గళ్ళున్న గ్రాఫు కాగితం మీద ఒక్కో గడిలో ఎర్రరంగు నింపుకుంటూ పోతే నెలరోజులకు ఒక కొంగు తయారవుతుంది. ఆ గళ్ళను చూసి అట్టలకు చిల్లులు కొడతారు, ఆ అట్టలు మగ్గం పైనెక్కి నెమళ్ళను, మామిడి పిందెలను నేయిస్తాయి. వాళ్ళ నాయన గౌస్‌సాబ్ ముప్పై ఏళ్ళు ఇదే పని చేశాడు. చివరికొక రోజు గళ్ళన్నీ ఒకటైపోయి, కాగితమంతా తెల్లగా కనిపించింది. అప్పట్నుంచి అట్టల మీద చిల్లులను వేళ్ళతో తడిమి తప్పు ఎక్కడుందో చెప్పడం ఆయన పని, గీయడం కూతురి పని. ఆమెకు ఇరవై ఆరేళ్ళు. సాయంత్రమైతే ఆమె కళ్ళల్లోనూ నీళ్ళు కారడం మొదలైంది.

చీరల వ్యాపారి అశ్వత్థప్ప ముందే ఒక మాట చెప్పాడు. "పాపా, కాలం మారిపోయింది. బెంగుళూరులో కంప్యూటరు మీద మూడు దినాల్లో కొంగు గీసి ఇస్తాండారు. నువ్వు కూడా ఒకటి తెచ్చుకో. జ్యేష్ఠం దాటకముందే డిజైన్లు ఇచ్చినావంటే శ్రావణం చీరలన్నీ నీ చేతి మీదనే. లేదంటే నేనేం చేసేది, బెంగుళూరోళ్ళకే ఇయ్యాల."

అది దయ అనుకుంది ఆమె. వాళ్ళమ్మ వదిలిపోయిన గాజులు అమ్మింది. పెనుకొండలో కంప్యూటరు నేర్పే సెంటరు నడుపుతున్న పెద్దనాయన కొడుకు రఫీక్ దగ్గరికి ఆరునెలలు ప్రతి ఆదివారం రైలెక్కి పోయి నేర్చుకుంది. ఏ కంపెనీది కొనాలన్న దగ్గర మాత్రం మనిషికో మాట అయింది. నౌషాద్ చూపించినవి రెండు రకాలు. నల్లది ఒకటి, మూడు కిలోలు. తెల్లది ఒకటి, రెండుంపావు.

"నల్లది ఎనుము మాదిరిది. అందంగా ఉండదు, కానీ చావదు," అన్నాడు రఫీక్. "రిపేరొస్తే బెంగుళూరులో చేస్తారు. తెల్లదానికి రిపేరొస్తే దేవుడే దిక్కు."

వీధిలో మగ్గం నేసే ఓబుళప్ప మాత్రం, "ఆ కంపెనీ, ఈ కంపెనీ నాకు తెలీదు పాపా. ఏ దాంట్లో జరీ జరీ మాదిరి కనపడుతుందో అది తీసుకో," అన్నాడు. నాలుగేళ్ళుగా ఆమె గీసిన డిజైన్లే అతని మగ్గం మీద చీరలవుతున్నాయి.

హిందూపురం పోయి రెండింటినీ పక్కపక్కన పెట్టించుకుని చూసింది. నల్లదాని తెరమీద మిరపపండు ఎరుపూ, కుంకుమ ఎరుపూ ఒకటిగానే కనిపించాయి. తెల్లదాంట్లో దేనికది విడిగా ఉంది. అందుకే తెల్లదే అడిగింది. చూపించిన పీసు అమ్మడానికి కాదట. కొత్తది తెప్పించాలట.

ఉగాది అయిన వారానికి, ఒక మధ్యాహ్నం అన్నం తింటుండగా, గోడవారగా కొని పెట్టిన ఖాళీ టేబులు కిర్రుమంది. గౌస్‌సాబ్ చెయ్యి కడుక్కుని వెళ్ళి చెక్క మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"వచ్చింది," అన్నాడు.

వాళ్ళింటికి ఏ వస్తువు రావాలన్నా దాని బరువు ముందొస్తుంది. పెనుకొండలో కాపురమున్న తాతల నాటి నుంచీ అంతే. కుట్టుమిషను రావడానికి ముందు మూలబండ కుంగింది. మెహరున్నీసా పుట్టకముందు ఖాళీ ఉయ్యాల నాలుగు రోజులు కిందికి వేలాడింది. వీధిలో వాళ్ళకు ఇదేం వింత కాదు. కొళాయిలో నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలిసినట్టే, గౌస్‌సాబ్ ఇంటికి వస్తువు ఎప్పుడొస్తుందో కూడా వాళ్ళకు తెలిసిపోయేది. శెనక్కాయల మండీ నుంచి ఎవరో తక్కెడ తెచ్చారు. టేబులు మీది బరువును రెండు చేతులా జాగ్రత్తగా ఎత్తి తక్కెడలో పెడితే సరిగ్గా రెండుంపావు తూగింది.

"తెల్లదే. అనుమానం లేదు," అని తక్కెడ తెచ్చినాయన సంతోషించాడు.

ఆ సాయంత్రం చక్కెర మీద ఫాతిహా చదివించి వీధిలో ఇంటింటికీ పంచారు. ఆ ఇంటి కట్టుబాటు ఇంకొకటుంది. బరువు వచ్చాక వస్తువు గురించి ఎవరినీ అడగకూడదు. మరునాడు పది గంటలకు మెహరున్నీసా అలవాటుకొద్దీ చెప్పులేసుకుంటుంటే తండ్రి ఆపాడు.

"యాడికి?"

"బూతుకు నాయనా. ఒక్కసారి అడుగుదామని."

"బరువొచ్చినాక అడిగితే, పంపేటోణ్ణి దొంగ అన్నట్టు. మన ఇంట్లో ఎవరూ అట్ల అడగలేదు. ఎప్పుడూ ఏదీ రాకుండా పోలేదు."

ఆమె చెప్పులు విడిచింది. బరువును తీసి గూట్లో పెట్టి, టేబులు తుడిచి, మళ్ళీ దాని చోట దాన్ని పెట్టింది. వైశాఖం పోయింది. జ్యేష్ఠంలో సగం పోయింది. రోజూ పది గంటలకు ఆమె కాళ్ళు బూతు వైపు లాగేవి. మనిషి ఇంట్లోనే ఉండిపోయేది.

ఆ జ్యేష్ఠం ఆఖర్లో ఓబుళప్ప వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"పాపా, అశ్వత్థప్ప ఇంటికి ల్యాప్‌టాప్ వచ్చింది. తెల్లది. వాళ్ళ కొడుకు బాలాజీ తెప్పించినాడంట."

"తెప్పించుకోనీ ఓబుళన్నా. దుడ్లున్నోళ్ళు."

"అది కాదు పాపా. దానికి బరువు ల్యా. ఫ్యాను వేస్తే కాగితం మాదిరి ఎగిరిపోతాండాది. నేనే పట్టుకొచ్చి మళ్ళీ బల్లమీద పెట్టినా."

మెహరున్నీసా టేబులు వైపు చూసింది. మూడు నెలల తర్వాత మొదటిసారి బూతుకు పోయింది. నౌషాద్ ఈసారి అబద్ధం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదనుకున్నాడేమో.

"నీ పేరుతోనే వచ్చిందమ్మా, కాదనను. బాలాజీ నల్లదానికి ఆర్డరిచ్చినాడు, అదీ లేటయింది. దినానికి మూడుసార్లు ఫోను చేసి తిట్టేవాడు. నువ్వేమో ఫోనే మానేస్తివి. నీకు అక్కర తీరిపోయిందేమో అనుకున్నా. తిట్టేటోనికి ముందిచ్చేసినా. నీ అడ్వాన్సు భద్రంగా ఉండాది, వచ్చి తీసుకపో."

ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. నౌషాద్ మీద కంటే, అశ్వత్థప్ప మీద కంటే ముందు తండ్రి మీద మండింది. ఇంటికొచ్చి ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన కూడా మాట్లాడించలేదు. చూపులేని కళ్ళతో టేబులు వైపే ముఖం పెట్టి కూర్చున్నాడు.

మూడో రోజు అశ్వత్థప్పే వచ్చాడు, కొడుకును వెంటబెట్టుకుని. బాలాజీ చేతిలో కొత్త జిప్పు సంచి ఉంది. కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగి, ఏమీ జరగనట్టే మొదలుపెట్టాడు.

"వస్తువు మా ఇంట్లో, బరువు మీ ఇంట్లో. ఇది న్యాయం కాదు కదా పాపా. ఆ బరువు ఈ సంచిలో పెట్టియ్యి. మావాడు తీసుకుపోతాడు."

"దారంతో కిటికీ కమ్మీకి కట్టినాం," అన్నాడు బాలాజీ. "మీద రాయి పెడితే మీటలు నొక్కను కాదు."

"ఆ వస్తువు నాది మామా. కంప్యూటరు తెచ్చుకో అని చెప్పిందీ నువ్వే."

"నేను కాదన్నానా? మావానికి అది చేతకాదు. బెంగుళూరు నుంచి ఎవరో వచ్చి ఒక డిజైను చేసి పోయినాడు, ఓబుళప్ప మగ్గానికి. నువ్వొచ్చి మా ఇంట్లో కూచుని మిగతావి గీయి. నెలకు జీతమిస్తా. నీకు ల్యాప్‌టాప్ ఖర్చు లేదు, రిపేర్ల బాధ లేదు. బాగు చూసే చెప్తాండా."

తన యంత్రం మీద తననే కూలికి కూర్చోబెట్టడాన్ని బాగు అంటాడు. ఇంత తియ్యగా మాట్లాడేవాడి నోట్లో వేలు పెట్టి చూస్తే గానీ పళ్ళున్నాయని తెలియదు.

"నేను అడిగింది వస్తువు. నాకు వచ్చింది బరువు," అంది మెహరున్నీసా. "దాన్ని కూడా ఇచ్చేస్తే నాకేం మిగుల్తాది మామా? ఇయ్యను."

బాలాజీ ఖాళీ సంచి జిప్పు మూసి తీసుకుపోయాడు. వీధి వీధంతా ఆమెను మెచ్చుకుంది. చాలా రోజుల తర్వాత ఆ రోజు ఆమె కడుపునిండా అన్నం తింది.

అదే సాయంత్రం ఓబుళప్ప మళ్ళీ వచ్చాడు. ఈసారి లోపలికొచ్చి కింద కూర్చున్నాడు.

"ఇచ్చేయ్ పాపా. నా మగ్గం డిజైను ఆ డబ్బాలోనే ఉండాది. ఇంకా కాగితం మీదికి తీయలేదు. మిగతా మగ్గాలోళ్ళకు పాత డిజైన్లుండాయి. నాకు పోగులన్నీ ఎక్కించి పదైదు దినాలాయె, ఖాళీగా కూచోనుండా. గాలికాలం వస్తాండాది, అది యాడన్నా పోతే నా గతేంది?"

"రెండు దినాలు ఓర్చుకో ఓబుళన్నా. ఆయప్పే దిగొస్తాడు. ఆ యంత్రం తెచ్చి ఇదే టేబులు మీద పెట్టేదాకా నేను వదలను. నీ డిజైను నేనే చేసిస్తా."

"ఆయప్ప దిగొచ్చేటోడు కాదు పాపా."

"వస్తాడు, చూడు."

ఓబుళప్ప టేబులు మీదున్న ఖాళీ వైపు చూసి, లేచి పోయాడు. ఎత్తుకుని పోదామన్నా పోగలిగేవాడే, రెండుంపావు కిలోలే కదా. కానీ ఓబుళప్ప అలాంటి మనిషి కాదు.

ఆషాఢం పుట్టిన మూడోనాడు గాలి లేచింది. అనంతపురం జిల్లాలో ఆషాఢం గాలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పట్టపగలు అశ్వత్థప్ప ఇంటి కిటికీ రెక్కలు తెరుచుకున్నాయి, దారం తెగింది. తెల్ల ల్యాప్‌టాప్ మూత తెరుచుకునే బయటికెగిరి, రైలు పట్టాల మీదుగా చెరువు వైపు పోయింది. స్టేషన్లో ఉన్నవాళ్ళు తలెత్తి చూశారు. తెర వెలుగుతూనే ఉందని, అందులో నెమళ్ళు కూడా కనిపించాయని ఒకరిద్దరు చెప్పారు.

ఆ కబురు వినగానే మెహరున్నీసాకు ముందు నవ్వొచ్చింది. అల్లా ఉన్నాడని తండ్రితో అంది కూడా. ఇక అశ్వత్థప్ప రాక తప్పదని టేబులు తుడిచి పెట్టుకుంది.

అశ్వత్థప్ప రాలేదు. నౌషాద్‌కు ఒక ఫోను చేశాడు. నాలుగు రోజుల్లో నల్లది వచ్చింది. ఆమెకు అయిదు నెలలైనా తెగని దారి అతనికి నాలుగు రోజులు. మూడు కిలోల బరువుతో సహా వచ్చి బల్లమీద కదలకుండా కూర్చుంది. డిజైన్ల పని మొత్తం బెంగుళూరుకు పోయింది. ఎగిరిపోయిన డిజైనును మళ్ళీ గీయించేంత టైము లేదని, ఓబుళప్ప మగ్గం మీది పోగులు కోయించి, ఆ పట్టును వేరే వీధిలో ఇంకొకరికి ఇచ్చేశాడు. మగ్గం కూడా సావుకారిదే. మనుషుల్ని పంపి దాన్నీ విప్పించుకుపోయాడు.

అత్త మీది కోపం దుత్త మీద చూపితే దుత్తే పగులుతుంది. అత్తకేం, ఇంకో దుత్త కొనుక్కుంటుంది. ఈ సంగతి మెహరున్నీసాకు ఎవరూ చెప్పలేదు. మెచ్చుకున్న వీధి మళ్ళీ ఎవరి పనిలో వాళ్ళుగా పడిపోయింది.

ఆమె మరునాడంతా ఒకచోట కూర్చోలేకపోయింది. సాయంత్రం టేబులు దగ్గరికి పోయి బరువును రెండు చేతులా ఎత్తి గుడ్డసంచిలో పెట్టింది.

"యాడికి?" అన్నాడు గౌస్‌సాబ్.

"ఓబుళన్న ఇంటికి."

ఆయన ఆపలేదు. అప్పుడు ఆపాల్సింది కాదని, ఇప్పుడు ఆపినా ఒకటేనని ఆయనకు తెలుసు.

ఓబుళప్ప ఇంట్లో మగ్గం ఉన్న చోట గుంత మాత్రం మిగిలింది. ఇరవై ఏళ్ళు అతను కాళ్ళు పెట్టి కూర్చున్న గుంత. అతని భార్య నరసక్క బయటి నుంచి గంపతో మట్టి తెచ్చి అందులో పోస్తోంది. మెహరున్నీసాను చూసి పలకరించింది. కోపం లేదు ఆ గొంతులో, మెహరున్నీసాకు అదే బాధ.

"ఓబుళన్న లేడా అక్కా?"

"హిందూపురం పాయె. మిరపకాయల మండీలో హమాలీ పని దొరికిందంట. పొద్దున రైలుకే పాయె."

మెహరున్నీసా సంచిని గుంత అంచున దించింది. దించినచోట తడిమట్టి అణిగింది.

"అక్కా, నేను అప్పుడే ఇచ్చుండాల్సింది. నా తప్పే. దీన్ని మీరు పెట్టుకోండి. ఏం చేస్తారో నాకు తెలీదు. నా దగ్గర మాత్రం వద్దు."

నరసక్క గంప కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, సంచిని ఒకసారి ఎత్తి చూసింది. పసిబిడ్డంత బరువుంది. మెల్లగా తెచ్చి మెహరున్నీసా చేతుల్లోనే పెట్టింది.

"బరువు మాకెందుకు పాపా," అంది. "ఆయప్ప పోయింది మోసేదానికే కదా."