ఆవ పెట్టిన కూరకి ఒక్క స్టారు

"ఇదిగో, ఎవడో ఒక్క స్టారు ఇచ్చాడు. సారీ చెప్పి పడెయ్" అంటూ శ్యాంబాబు ఫోను తెచ్చి గ్రైండరు పక్కన పెట్టి పోయాడు. సత్యకుమారి చేతులకింకా పనస జిగురు వదల్లేదు. కొబ్బరినూనె రాసి రుద్దుకుంటూనే చదివింది. 'ఆదివారం పనసపొట్టు కూర చేదు. ఆవ పెట్టడం రానివాళ్ళు మెస్సులెందుకు పెడతారో!'

రాకపోవడమా! పెనుగొండ గుడికొచ్చినవాళ్ళు దారి కనుక్కుని మరీ ఈ మెస్సుకొచ్చేది ఆ కూరకే. పంతొమ్మిదేళ్ళుగా పొయ్యి దగ్గర ఆవిడ, గల్లా దగ్గర ఆయన. రెణ్ణెల్ల కిందట బల్లబల్లకీ క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు అంటించాడు. "స్కాన్ చేసి నాలుగు మంచి మాటలు రాయండి సార్" అని జనం ఆకు ముందునించి లేవకముందే వెంటపడతాడు. వాళ్ళూ రాస్తున్నారు పాపం. 'శ్యాంబాబు గారి చేతివంట అమృతం.' 'శ్యాంబాబు గారి దప్పళం తిని తీరాల్సిందే.' ఆయనకి గరిటె ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలీదు! వాటికి థాంక్సులు రాసే పనీ ఆవిడదే, కింద 'ఇట్లు, శ్యాంబాబు' అని. ఉండబట్టలేక ఒకసారి, "వంట నాదని ఒక్క ముక్క రాయనా అండి?" అని అడిగింది. "పేరు కూరలో వేసుకుంటావా ఏంటి?" అని నవ్వాడు. "ఎవరి పేరైతే ఏంటమ్మా, ఇంటి పరువు ఒకటేగా" అంది అత్తగారు శ్యామలాంబ.

ఒకటేనట! మరి ఉప్పెక్కువైన రోజున "మా ఆవిడ చెయ్యి జారిందండి" అని వీధి చివరిదాకా వినబడేట్టు చెప్తాడేం? కుదిరితే ఆయన చెయ్యి, చెడితే ఈవిడ చెయ్యి. తల్చుకుంటే ఒళ్ళు మండిపోతోంది.

అసలా ఆదివారం జరిగిందేంటి? కూర పొయ్యి మీదుంది. దించి, వేడి తగ్గాక ఆవముద్ద కలపాలి. మంట మీద కలిపితే చేదెక్కుతుంది. సరిగ్గా అప్పుడే, "సత్యా, ఇలా రా! ఈ మామ్మగారికి స్కాన్ చెయ్యడం చూపించు" అని కేకేశాడు. సత్యకుమారి చూపించి వచ్చేసరికి, జనం తొందర పెడుతున్నారని ఆయనే వంటింట్లోకొచ్చి, కుతకుతలాడుతున్న కూరలో ఆవగిన్నె బోర్లించి కలిపేస్తున్నాడు. "ఇదేమన్నా బ్రహ్మవిద్యా?" అన్నాడు పైగా.

"ఇప్పుడేం రాయమంటారు?" అని వంటింట్లోంచే అడిగింది.

"ఎప్పుడూ రాసేదే. మా ఆవిడకి ఒంట్లో బాలేదు, వంట కుదర్లేదు, క్షమించండి అని."

సత్యకుమారి చేతులు తుడుచుకుని టైపు చేసింది. 'నమస్కారమండి. ఇక్కడ రోజూ వంట చేసేది నేను. ఆ ఆదివారం కూర దించకుండా ఆవ కలిపింది మావారు శ్యాంబాబు గారు. మళ్ళీ రండి, నా చేతి కూర తిని అప్పుడు చెప్పండి. ఇట్లు, సత్యకుమారి.' వేలు ఒక్క క్షణం తటపటాయించింది. నొక్కేసింది.

"పంపావా?" గల్లా దగ్గర్నించి కేక. "నా పేరు మర్చిపోలేదు కదా?"

"అయ్యో, ఎలా మర్చిపోతానండి! మీ పేరు మధ్యలో రాశాను. కింద నాది పెట్టాను."