సెలవు రోజుకి జరిపిన నెలసరి

"స్వరూపా, వచ్చే ఆదివారం బోనాలు. నీ తారీఖు ఎప్పుడొస్తది?"

మా అత్తమ్మ హనుమమ్మ ఈ ప్రశ్న ఎప్పుడూ హాల్లోంచి అరిచే అడుగుతుంది. వంటింట్లో నేను మిక్సీలో పల్లీల పచ్చడి వేస్తుంటాను కాబట్టి అరవక తప్పదు. హాల్లో మా ఆయన రమాకాంత్ పేపర్ చదువుతుంటాడు. ఎదురు ఫ్లాట్ తలుపు బార్లా తెరిచి ఉంటుంది. మా ఇంట్లో నా తారీఖు కరెంటు బిల్లు లాంటిది, ఎప్పుడొస్తుందో అందరికీ తెలియాలి.

"శనివారం" అన్నాను మిక్సీ ఆపి.

"అయితే గోలీ వేస్కో. ఈసారి బోనం నువ్వే ఎత్తాలె. నా మోకాళ్లు సహకరిస్తలేవు."

"వేసుకుంటదిలే అమ్మా, ఆమెకేమన్న కొత్తనా" అన్నాడు రమాకాంత్, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

నిజమే, కొత్తేం కాదు. పెళ్లయిన దగ్గర్నుంచి నా ఒళ్లు పండుగలను బట్టే నడుస్తోంది. బోనాలకు నెలసరి వెనక్కి జరుపుతాను, బతుకమ్మకు జరుపుతాను, ఆడబిడ్డ గృహప్రవేశానికీ జరిపాను. చిక్కడపల్లిలో మేం ఎప్పుడూ వెళ్లే మెడికల్ షాపతనికి చీటీ కూడా అక్కర్లేదు. రమాకాంత్ మొహం చూడగానే స్ట్రిప్పు తీసి పాత పేపర్లో చుట్టి ఇస్తాడు. హాల్లో గొంతు చించుకుని అడిగే సంగతికి బజార్లో మాత్రం అంత మర్యాద. ఇంటికొచ్చాక ఆ స్ట్రిప్పు వంటింటి పై అరలో, పసుపు కుంకుమ డబ్బాల పక్కన కూర్చుంటుంది.

స్టూలెక్కి తీశాను. పోయినసారి తెచ్చిన కొత్త స్ట్రిప్పు అది, నేను దాన్ని ముట్టుకోనే లేదు. ఇప్పుడు చూస్తే సగానికి పైగా ఖాళీ.

లోపల గదిలో నా కూతురు లౌక్య నిన్న రాత్రి నుంచి కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకుంది. టెన్త్ చదువుతోంది. పోయిన నెల కూడా దానికి ఆదివారమే వచ్చింది. వేసవి సెలవులకు ముందు కూడా అంతే. సెలవు రోజే వస్తోంది, పాపం పిల్లకు స్కూల్లో ఇబ్బంది లేదు అనుకుని సంతోషించాను కూడా. నారాయణగూడలో ఒక ప్రైవేటు స్కూల్లో బయాలజీ చెప్పే మనిషిని నేను. ఏ ఆడపిల్లకూ నెలనెలా క్యాలెండర్ చూసుకుని రాదని నాకు తట్టలేదు.

"లౌక్యా, ఈ గోలీలు నువ్వు వేసుకున్నవా?"

దుప్పట్లోంచి "ఊఁ" అంది.

"ఎందుకే? ఎవరు చెప్పిండ్రు నీకు?"

దుప్పటి తీసి నా వైపు చూసింది. కళ్ల కింద నల్లగా ఉంది. "ఎవరు చెప్పాలె మమ్మీ? నువ్వు బోనాలకు జరుపుకుంటవ్, నేను స్కూల్‌కు జరుపుకుంటున్న. రెండో శనివారం, ఆదివారం కలిసొస్తే మస్తు ఈజీ."

మంచం మీద కూర్చుండిపోయాను.

లౌక్య నేను పనిచేసే స్కూల్లోనే చదువుతోంది. పోయిన ఏడాది మూడో అంతస్తులో ఆడపిల్లల బాత్రూం జామైంది. మా కరస్పాండెంట్ రామచంద్రం గారు స్టాఫ్ మీటింగ్ పెట్టి, "ప్లంబర్ అందులోంచి ఏం తీసిండో నేను నోటితోటి చెప్పలేను" అన్నారు. బాత్రూంలో చెత్తబుట్ట పెట్టిస్తే సరిపోయే పనికి తలుపుకి తాళం పెట్టించారు. ఇంటర్వెల్లో తప్ప తీయరు. మరీ తప్పకపోతే మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే పీఈటీ ఫణికిరణ్ సార్‌ని అడిగి కీ తీసుకోవాలి. అతనేమీ చెడ్డవాడు కాదు, పెళ్లి కాని కుర్రాడు. ఆడపిల్ల ఎదురుగా నిలబడితే అతనికీ చెమటలు పడతాయి. కానీ కారణం అడగమన్నారు కాబట్టి అడుగుతాడు. మెట్లకు అటూ ఇటూ మగపిల్లల క్లాసులు.

"ఏం చెప్పాలె మమ్మీ? కడుపునొప్పి అంటే బాయ్స్ నవ్వుతరు. 'ఈ వారం ఈమెది' అంటరు. ఇంటర్వెల్ల లైన్ల నిలబడితే మన నంబర్ వచ్చేసరికి బెల్లు కొడ్తరు. మార్చే జాగ దొరికినా పడేసే జాగ లేదు. టిఫిన్ బ్యాగుల పెట్టుకొని ఇంటికి తెచ్చిన నేను. నీకు తెల్వదు."

నాకు తెలియదు. దాని నీళ్ల బాటిల్ రోజూ నిండుగా ఇంటికొస్తుంటే, తాగవేంటే అని తిట్టి సింకులో వంపేదాన్ని. బాటిలైతే చూశాను గానీ, పొద్దుననగా వెళ్లిన పిల్ల సాయంత్రం దాకా నోరెందుకు ఎండగట్టుకుంటోందో అడగలేదు. నేను మాత్రం ఏం తాగుతున్నాను గనక? స్టాఫ్ బాత్రూం కింది అంతస్తులో ఉంది. క్లాసు వదిలి వెళ్తే రామచంద్రం గారి గది ముందు నుంచే వెళ్లాలి.

సోమవారం ఇద్దరం స్కూలుకు సెలవు పెట్టి లేడీ డాక్టరు దగ్గరికెళ్లాం. ఆవిడ లౌక్యను చూసి, రక్తం తక్కువగా ఉందని టెస్టులు రాసింది. "చదువుకున్నోళ్లే వీటిని చాక్లెట్లలాగ మింగుతరు. ఈ వయసు పిల్లకు ఎవరు రాసిచ్చిండ్రమ్మా?" అని నన్నడిగింది. ఇక ముందు ఒక్కటి కూడా వేసుకోవద్దని గట్టిగా చెప్పింది. లౌక్య ఆవిడ మాటకు తలూపలేదు. ఆటో ఎక్కాక నెమ్మదిగా అంది, "మరి స్కూల్ల ఏం చెయ్యాలె మమ్మీ?" డాక్టరు దగ్గర దానికి మందు లేదు.

రాత్రి భోజనాల దగ్గర రమాకాంత్‌కు చెప్పాను. ఆయన అశోక్ నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు భారత సమాజం చెప్తాడు. మహిళా సాధికారత మీద ఆయన నోట్సు అక్కడి జిరాక్స్ షాపులన్నిట్లో దొరుకుతుంది.

"ఆ గోలీలు బీరువాల పెట్టి తాళం వెయ్" అన్నాడు అంతా విని, అన్నం కలుపుకుంటూనే. "రామచంద్రం గారితోటి మాత్రం పెట్టుకోకు. టెన్త్ ఇయర్ అది. హాల్ టికెట్ ఆపితే ఏం చేస్తం? నీ జాబు కూడా చూసుకోవాలె కద."

అంటే ఇంకో తాళం! బాత్రూంకొకటి, గోలీలకొకటి. మనిషి ఒంట్లోంచి వచ్చేదానికి దారి వదలకుండా ఎన్ని తాళాలు వేస్తారు వీళ్లు? నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. చెయ్యి కడుక్కుని లేచాను.

ఆ వారం నేను గోలీ వేసుకోలేదు. శనివారం పొద్దున్నే చెప్పాను, "అత్తమ్మా, నాకొచ్చింది. రేపు బోనం నేనెత్తను" అని. హాల్లో ఎప్పుడూ ఆమె మాట్లాడేంత గట్టిగానే చెప్పాను.

"గోలీ ఏమాయె?"

"వేసుకోలె. ఇగ ఎప్పుడూ వేసుకోను. లౌక్య నన్ను జూసే నేర్చుకున్నది."

"మా కాలంల ఈ గోలీలు లేవు. వస్తె దూరం కూసునేటోళ్లం, అంతే" అంది అత్తమ్మ. మర్నాడు మోకాళ్లు నొక్కుకుంటూ తనే బోనమెత్తింది. నాతో మాత్రం మాట్లాడలేదు.

సోమవారం రెండో పీరియడ్ టెన్త్ క్లాసు. గుండె బొమ్మ బోర్డు మీద సగం వేశాక, ఇక ఆగేలా లేదని అర్థమైంది. ఇన్నేళ్లూ ఇలాంటప్పుడు కాళ్లు దగ్గరగా పెట్టుకుని కుర్చీలో కూర్చుని పాఠం చెప్పేదాన్ని. ఈసారి చాక్‌పీసు బల్ల మీద పెట్టి, హ్యాండ్‌బ్యాగు తీసుకుని మెట్ల దగ్గరికి నడిచాను.

"ఫణికిరణ్ సార్, బాత్రూం కీ ఇవ్వండి."

"మేడమ్, స్టాఫ్‌ది కింద కదా... ఏమైంది?"

"పీరియడ్స్ వచ్చినయ్. కింద దాకా ఆగలేను."

చివరి బెంచీకి వినిపించేలా మాట్లాడటం మా వృత్తిలో అలవాటు. అటూ ఇటూ క్లాసుల్లో గోల ఆగిపోయింది. అతను నేల చూపులు చూస్తూ కీ చేతిలో పెట్టాడు. తాళం తీశాను. పని చూసుకుని బయటికొచ్చాక తలుపు మూయలేదు. తాళం, కీ రెండూ నా హ్యాండ్‌బ్యాగులో వేసుకుని క్లాసులోకొచ్చాను.

"ఆ తలుపుకు ఇయ్యాల్టి నుంచి తాళం ఉండదు" అన్నాను. "ఎవరికి అవసరమైతే వాళ్లు పోవచ్చు. ఎవర్నీ అడగనక్కర్లేదు. చెత్తబుట్ట రేపు నేను తెస్తా."

మగపిల్లలెవరూ నవ్వలేదు. లౌక్య సిగ్గుతో మొహం బల్లకు ఆనించేసింది. సాయంత్రం ఇంటికెళ్లాక నాతో పోట్లాడుతుందని తెలుసు. పోట్లాడనీ. మంగ అనే పిల్ల లేచి నిలబడింది, అడగబోయి ఆగి, బయటికి నడిచింది. ఆమె వెనక ఇంకొకరు.

నేను బోర్డు వైపు తిరిగేసరికి ఆయమ్మ కురుమమ్మ ఆయాసపడుతూ గుమ్మంలోకొచ్చింది. "మేడమ్, రామచంద్రం సారు మస్తు గరమున్నరు. తాళం తీసుకొని ఇప్పటికిప్పుడే రమ్మంటున్నరు."

నా ఉద్యోగం సంగతి, పిల్ల హాల్ టికెట్ సంగతి గుర్తురాకపోలేదు. అయినా చాక్‌పీసు అందుకున్నాను.

"క్లాసు నడుస్తున్నది కురుమమ్మా" అన్నాను. "సార్‌ని ఇంటర్వెల్ దాకా ఆపుకొమ్మని చెప్పు."