ఆరు సాంచెల గ్యాంగు

పొద్దుగాల ఆరుగొట్టంగనే చొప్పదండిల సిద్దిరాములు షెడ్డుల ఆరు మరమగ్గాలు మోగుడు షురువైతది. అక్కడ వాటిని సాంచెలంటరు. ఆ మోతకు మానేరు డ్యాముల నీళ్లు జానెడు లేస్తయి. కరీంనగర్ల ఆఫీసుల గోడ గడియారాలు రెండు నిమిషాలు ముందుకు దుంకుతయి. అంత మోతల మనిషి మాట మనిషికి వినపడదు గనుక, సాంచెల పనోళ్ళు పెదవులు చూసి మాట్లాడుకుంటరు.

సిద్దిరాములు కొడుకు ప్రణయ్, పక్క సాంచె మీది దోస్తు బెన్నీ, మూలకు కూసోని కండెలు చుట్టే బెన్నీ చెల్లె స్తుతి, ఈ ముగ్గురు ఆ దడదడనే తాళం చేసుకొని ర్యాప్ పాడేటోళ్ళు. దేశంల పాడేటోళ్ళు లక్షమంది ఉండొచ్చు. తెగిన పోగు ముడేసుకుంట, ఊపిరి తియ్యకుండ పావుగంట పాడినోళ్ళు మాత్రం భూమ్మీద వీళ్ళే.

సాంచె మీద చెయ్యేసి వాళ్ళేం పాడితే అది గుడ్డల ఎర్రటి అక్షరాలై దిగేది, ఎక్కించింది తెల్లదారమే అయినా సరే. ఊరికి అదేం పెద్ద ముచ్చట కాదు. వాడకట్టు ముసలమ్మ బాలవ్వ వచ్చి, "ఓ ప్రణయ్, నా కోడలితోని పంచాది నడుస్తుంది. జర కోపం పాట ఒక్క గజం ఇయ్యి బిడ్డా, జాకెట్ కుట్టించుకుంట" అనేది.

గీ గ్యాంగు ముచ్చట విని హైదరాబాదు టీవీవోళ్ళు దిగిండ్రు. వీళ్ళ కథను పది భాగాల డ్రామా తీసిండ్రు. అది వచ్చే టైముకు ఉట్నూర్ జీపులు నడిరోడ్డు మీదనే ఆగేటివి. పెండ్లి ముహూర్తాలు గూడ మార్చుకున్నరు. ఎనిమిదో భాగంల మాత్రం, టీవీల బెన్నీ వేషమేసినోడు ప్రణయ్ పాటలు దొంగిలించి పారిపోయిండు.

"గిదేంది సార్? వాడు ఎన్నడు దొంగిలించిండు?" అని ప్రణయ్ గట్టిగ అడిగిండు.

డైరెక్టర్ సుధాకర్ నవ్విండు. "అన్నదమ్ములు విడిపోకపోతే జనం ఏడవరు ప్రణయ్. కథ మార్చుకోవచ్చని నువ్వే సంతకం పెట్టావుగా."

పెట్టిండు. ఇరవై పేజీల ఇంగ్లీషు కాయితాలల్ల ఒక్కటి చదవలే.

ఊరు టీవీ కథనే నమ్మింది, మర్నాటి నుంచి కిరాణం కాడ బెన్నీ సంచిని తెరిపించి చూసుడు మొదలైంది. చర్చిల బెన్నీ వాయించే గిటారు వేరేటోని చేతికి పోయింది.

"సోమారం నేను సాంచెల పనికి భివండి పోత," అన్నడు బెన్నీ. "అక్కడ నా మొకం ఎవ్వలికి తెల్వది."

ఆదివారం పదకొండింటికి ఆఖరి భాగం. అది నేరుగ షెడ్డుల నుంచే లైవ్. సుధాకర్ ప్రణయ్ భుజం మీద చెయ్యేసిండు.

"సాంచె మీద చెయ్యిపెట్టి, నా పాటలు బెన్నీ దొంగిలించాడు అను. అంతే. అక్షరాలు దిగుతుంటే చూసేవాళ్ళ గుండెలాగిపోవాలి."

"అననంటే?"

"కోర్టుకొస్తావు. మీ నాన్నా వస్తాడు."

సాంచెలు మోగినయి. పక్క సాంచె మీద బెన్నీ తన పని తను చేస్తుండు. ప్రణయ్ కండ్లు దించుకొని ఆ మాట అన్నడు. బెన్నీ వాని పెదవులు చూసిండు, అంతా చదివిండు. ఎర్రటి అక్షరాలు మూరెడు గుడ్డల దిగినయి.

సరిగ్గ అప్పుడే ప్రణయ్ సాంచె మీద పోగు తెగింది.

షెడ్డుల ఒక కట్టుబాటుంది. తెగిన పోగు ఎవనిదని అడగొద్దు, దగ్గరున్నోడు ముడెయ్యాలె. బెన్నీ వచ్చిండు. తనను దొంగ అన్న గుడ్డ మీదికి వంగి, రెండు వేళ్ళతోని రెప్పపాటుల ముడేసిండు.

"ఊఁ, నడువనియ్యి. ఆపితే గుడ్డ ఖరాబైతది," అన్నయి బెన్నీ పెదవులు.

ప్రణయ్‌కు కండ్లల్ల నీళ్ళొచ్చినయి, గొంతుల నిప్పొచ్చింది.

"సంతకం నాది! సిగ్గు నాది!
చదవని కండ్లు నావి!
పాట బెన్నీది, పదం స్తుతిది,
మోత ముగ్గురిది!
కోర్టుకు రమ్మను, వస్తం!
ఆరు సాంచెలు మోసుకొస్తం!"

స్తుతి ఉరికొచ్చి సాంచె మీద చెయ్యేసింది. బెన్నీ ఇంకో చెయ్యేసిండు. గుడ్డ వరదోలె దిగింది. ఒక్కో అక్షరం ఎడ్లబండి చక్రమంత!

"కట్! కట్!" సుధాకర్ శ్రీరాంపూర్ బొగ్గు బాయిల అడుగుకు వినపడేటట్టు అరిసిండు. షెడ్డుల మాత్రం ఎవ్వలికి వినపడలే. కెమెరాలోళ్ళకు పెదవులు చదువుడు రాదాయె. నలభై మీటర్లు దిగేదాక చూపిస్తనే ఉన్నరు. పాట వినపడకున్నా జిల్లాలకు జిల్లాలు ఆ గుడ్డను చదివినయి. గోదారికి ఇవతల చదువురానోళ్ళు గూడ చదివిండ్రంటరు.

సాంచెలు ఆగంగనే సుధాకర్ కత్తెర పట్టుకొచ్చిండు. సిద్దిరాములు అడ్డం నిలవడ్డడు.

"సార్, సాంచె మీద గుడ్డను నేసినోడే కోస్తడు."

"ఆ మొదటి మూరెడు కోసెయ్యరా," అన్నడు బెన్నీ.

"నేను కొయ్య," అన్నడు ప్రణయ్. "నేనన్నది గూడ ఉండాలె. చూసేటోళ్ళు నన్ను గూడ చూడాలె."

టీవీవోళ్ళు వైర్లు చుట్టుకొని, కేసేస్తమని బెదిరించుకుంట పోయిండ్రు. మోత ఆగినా చెవులు గుయ్యిమంటున్నయి. ప్రణయ్ మెల్లగ అడిగిండు.

"మరి రేపు... భివండి?"

బెన్నీ దారమంత అయిపోయి ఖాళీగున్న బీము రోలును కాలితోని తన్ని చూసిండు. కొత్తది గోడకానుకొని ఉంది, గున్న ఏనుగంత బరువు, ఇద్దరు పడితే గని లేవదు.

"నేను పోతే దీన్ని ఎవలు లేపుతరు బే, మీ డైరెక్టరా? పట్టు ఆ దిక్కు."