మూగవోయిన ఫీడు

వర్షర్తువు వెడలి శరత్తు తొంగిచూచు సంధికాలమున బాలభానుకిరణరంజితములగు కొల్లేటి జలములపై గూడబాతులు బారులు దీరి వ్రాలుచుండ ఏలూరున నొక మేడవసారాలో ఇందుమతి యను ప్రౌఢ నిత్యకృత్యముగ చేతిఫోను దెఱచి చెల్లెలి వ్రాతకై చూచుచుండెను.

ఆ చెల్లెలు వకుళ కొల్లేటి పక్షులను గూర్చి బ్లాగు వ్రాయుచుండెడిది. తల్లి వాయించిన వీణ వకుళ యింటనే నిలిచిపోయిన నాటినుండి యక్కచెల్లెండ్రకు మాటలు లేవు. అయినను ఇందుమతి యా బ్లాగు ఫీడును తన ఫోనున జేర్చుకొనెను. ఫీడనగా మనము సైటునకు బోయి చూడ నక్కఱ లేకయే అందలి ప్రతి నూతనరచనయు తనంత తానే మనకడకు వచ్చు నుపాయము. గడప త్రొక్కకయే చెల్లెలి కబుర్లు దెలియును, పంతమునకును భంగము లేదు. ఇంతకన్న నేమి కావలయును? చుట్టములు చెప్పగా వకుళయు నీ సంగతి నెఱిగి మురిసికొనెడిది.

కొన్ని నెలలుగ ఫీడు మూగవోయెను. వ్రాసిన రాకుండునా, బద్ధకించినది కాబోలు నని ఇందుమతి నిశ్చింతగ నుండెను. ఒక్కమారు సైటు దెఱచి చూచిన నేమి పోయెను? పాపము, ఆమె చూడలేదు.

ఆ యుదయమున వకుళభర్త శేషగిరి ఆస్పత్రినుండి నేరుగ వచ్చి గుమ్మమున నిలిచెను.

"వకుళ తెల్లవారుజామున పోయింది వదినగారూ. జబ్బు సంగతి మీకు ఫోను చేస్తానంటే ఒప్పుకోలేదు. 'అంతా బ్లాగులో రాశాను, అక్క చదువుతూనే ఉంటుంది, రావాలనుంటే వస్తుంది' అంది."

ఇందుమతి ఫోను దెఱచి ఫీడును మొదటినుండి తుదివఱకు వెదకెను.

"నాకేమీ రాలేదు నాయనా" అని ఫోను అతని చేతి కిచ్చెను.

శేషగిరి చూచి తలవంచుకొనెను. వకుళ తన బ్లాగును క్రొత్త చిరునామాకు మార్చుకొని యా సంగతి ఫీడున వచ్చు రచనగ గాక పాతపుట పైభాగమున మాత్రమే ప్రకటించెనట. పుటను జూచినవారికి దెలిసినది. ఫీడును నమ్మినవారికి దెలియలేదు. అక్క రాకుండుటకు కోపమే కారణమని యామె తలంచుచునే కన్నుమూసెను.

అతడు క్రొత్త చిరునామా జేర్చినంతనే నెలల వ్రాతలన్నియు నొక్కుమ్మడిగ వచ్చిపడెను. అన్నిటికి మీదనున్న కడపటి వ్రాతను ఇందుమతి కన్నీటిపొరలోనుండి చదివెను.

"అక్కా, ఈ ఏడు గూడబాతులు తొందరగా వచ్చాయి. నువ్వూ రా. వీణ నీకే ఇస్తాను."

ఆమె గోడకు జేరగిలబడి గుండెలవిసిపోవ నేడ్చెను. ఫోనున ప్రతివ్రాతప్రక్కను క్రొత్తది యను గుర్తు వెలుగుచుండెను. అన్నియు క్రొత్తవే, వ్రాసిన చెల్లెలు మాత్రము లేదు.