తేనె రంగు గ్రీజు

స్టాన్లీ పటాన్‌చెరులో గేర్లు కోసే పనివాడు. కర్దనూర్‌లో ఇంటి డాబా మీద సొంతంగా టెలిస్కోపు కట్టుకున్నాడు. దాని స్టాండుకు ఇత్తడి పళ్లచక్రం, చక్రానికి ఆనుకుని మరచుట్లున్న ఉక్కు కడ్డీ. కడ్డీ పిడి తిప్పితేనే చక్రం కదులుతుంది. చక్రాన్ని ఎంత లాగినా పిడి తిరగదు.

చిక్కంతా కందెనతోనే. బండ్లకు పెట్టే గ్రీజు పూస్తే చలికి గట్టిపడి, శనిగ్రహం అద్దంలో గెంతేది. కుట్టుమిషన్ నూనె గంటలో కారిపోయేది.

ఆ సంగతి విని, డాబా మీంచి కనిపించే మూతపడ్డ పంపుల ఫ్యాక్టరీకి కాపలా ఉండే జంగయ్య ఒక తుప్పు డబ్బా తెచ్చాడు. "లోపల దొరికింది బిడ్డా. మా గేర్లకు గిదే పెడుతుండె. పెట్టి సూడు."

తేనె రంగు గ్రీజు. పూయగానే పిడి వేలికొనకే తిరిగింది. ఆ సాయంత్రం శనిని మధ్యలో నిలిపి, భార్య బ్యూలాను పిలుచుకు రావడానికి కిందికి దిగాడు. వచ్చేసరికి గొట్టం కిందికి వంగి ఫ్యాక్టరీ షెడ్డు వైపు చూస్తోంది.

"నువ్వే తిప్పి మరిచినవేమో," అంది బ్యూలా.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ టెలిస్కోపు పక్కనే కూర్చున్నారు. ఎవరూ ముట్టకుండానే పిడి తిరగసాగింది. మెల్లగా, పని తెలిసిన చేయి తిప్పినట్టు. బ్యూలా ప్రార్థన గొణుక్కుంటూ అతని మోచేయి గట్టిగా పట్టుకుంది. పిడి ఆగాక స్టాన్లీ కన్ను ఆనించాడు. కరెంటు లేని షెడ్డు కిటికీలో వెలుగు. అందులో, టెలిస్కోపులో అన్నీ కనిపించినట్టే తలకిందులుగా, ఒక మనిషి మెషిన్ మీద వంగి గేర్లకు గ్రీజు పూస్తున్నాడు. చూస్తుండగానే పని ఆపి ఇటు తిరిగాడు.

తెల్లారి జంగయ్య చేత షెడ్డు తాళం తీయించాడు. మెషిన్లు ఎప్పుడో అమ్ముడుపోయాయి. అంతా దుమ్ము. కిటికీ కింద మాత్రం ఒక మనిషి రెండు పాదాలు ఆనినంత మేర దుమ్ము లేదు.

"కాకా, గీడ ఎవరు పనిచేస్తుండె?"

జంగయ్య ఆ పాదాల గుర్తుల మీంచి చూపు తిప్పుకున్నాడు. "బాలరాజ్. నడిచే గేరుకు గ్రీజు పెడుతుంటే లోపలికి గుంజుకున్నది. ఆడ్నే పాణం పోయింది. మెషిన్ ఆపకుండ పెట్టుమన్నది సూపర్‌వైజరే. తప్పు బాలరాజ్‌దే అని కాయితం రాసిన్రు. నేను చూసిన. అయినా సంతకం పెట్టిన."

స్టాన్లీ ఇంటికొచ్చి గేర్లన్నీ కిరసనాయిలుతో కడిగాడు. అయినా పొద్దుగూకగానే పొడి గేర్లు చప్పుడు లేకుండా తిరిగాయి. ఇక ఆగలేక, బాలరాజ్ ఇంటికి పోదామని జంగయ్యను బండెక్కించుకున్నాడు.

బాలరాజ్ భార్య ప్రేమలత పోతిరెడ్డిపల్లిలో ఒంటరిగా ఉంటోంది. జంగయ్య తల వంచుకుని, జరిగిందంతా చెప్పాడు. ఆమె ఏడవలేదు.

"నాకెరుకే. ఆయనే రోజూ పొద్దుగూకంగ వచ్చి చెప్తనే ఉన్నడు. నీ నోట ఇనాల్నని ఇద్దరం ఎదురుచూస్తున్నం."

గుమ్మం బయటే నిలబడ్డ స్టాన్లీ లోపలికి అడుగు పెట్టలేకపోయాడు. ఆ తర్వాత పిడి తనంతట తాను మళ్లీ కదలలేదు.