కాల్చని కుర్చీ

మా ఆయన భూగోళాన్ని కాపాడే మనిషి. బాత్‌రూములో లైటు ఆర్పడం మాత్రం ఆయన పరిధిలోకి రాదు. మా బాత్‌రూము భూగోళానికి అవతల ఉంది కాబోలు.

ఆయన పని కుర్చీలు తయారుచేయించడం. మేకుల్లేవు, జిగురు లేదు, ప్లాస్టిక్ అసలే లేదు. రంపపు పొట్టులో పుట్టగొడుగు విత్తనం కలిపి, అచ్చులో కూరి చీకట్లో ఉంచితే, బూజులాంటి తెల్లటి దారాలు పొట్టంతా అల్లుకుని చెక్కలా బిగుస్తాయి. తరవాత బట్టీలో పెట్టి కాల్చాలి. అప్పుడే దారాలు చస్తాయి. పాతబడ్డాక విరిచి మొక్కల మొదట్లో వేసుకోవచ్చు.

"బట్టీ తాగే కరెంటుతో చేసిన పుణ్యమంతా పోతోంది. ఈసారి ఎండలో పెడితే చాలు" అన్నారు.

"చావకపోతే?"

"ఈ ఎండలకి మనుషులే పోతున్నారు, బూజెంత!"

మొదటి కుర్చీ మా హాల్లోకి వచ్చింది. చిన్నపిల్లల బడికి చిట్టి కుర్చీలు కూడా అలాగే ఎండుతున్నాయి. మా అత్తగారు కూర్చుని చూసి, "నా నడుము కొలత తీసుకుని చేసినట్టుందిరా!" అని మురిసిపోయారు. అంతే, అది ఆవిడ సింహాసనమైపోయింది.

వానలు మొదలయ్యాయి. ఊడుస్తూ కుర్చీ జరపబోతే కదల్లేదు. గట్టిగా లాగితే కుట్లు తెగిన చప్పుడు. గచ్చు మీద తెల్లటి వేళ్లు. తడిగుడ్డతో తుడిచాను. మర్నాటికి ఇంకా ఏపుగా వచ్చాయి. నీళ్లు పోసి పెంచానన్నమాట.

వీపు ఆనే చోట గుంట పడింది. పడితే పడనీ, పరుపుకీ పడుతుంది. కానీ చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. అత్తగారేమో పొద్దుటినుంచీ కూతురింట్లో ఉన్నారు.

"ఏవండీ, ఇది బతికే ఉంది."

"సోఫా కావాలని సూటిగా అడగొచ్చుగా!"

ఆ మర్నాడు భోజనాలయ్యాక హాల్లోంచి పిలుపు. "అమ్మాయ్, లేవలేకపోతున్నానే."

తెల్లటి దారాలు శాలువాలోంచి పాకి ఆవిడ జుట్టు ముడిలోకి దూరాయి.

"నొప్పిగా ఉందా అత్తయ్యా?"

"లేదే. ఎవరో తల నిమురుతున్నట్టుంది. కాసేపు పడుకుంటా, వదిలెయ్యి." కళ్లు మూతలు పడుతున్నాయి. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. కుర్చీ మాత్రం వెచ్చగా ఉంది.

నేను ఫోన్లో అరిచిన అరుపుకి ఆయన పరుగున వచ్చారు. నవ్వబోయి, వాళ్లమ్మ ముడి చూసి ఆగిపోయారు. ఇద్దరం కత్తెర్లు పట్టాం. దారం తెగినప్పుడల్లా కుర్చీ సన్నగా వణికింది. చివరికి ఆవిణ్ణి లాగి మంచం మీద కూర్చోబెట్టాం. శాలువా దానికే దక్కింది.

కాసిని మంచినీళ్లు తాగాక అత్తగారికి గొంతు వచ్చింది. "పాతబడ్డానని నన్నూ మొక్కల మొదట్లో వేద్దామనుకున్నావట్రా?"

ఈలోగా ఆయన ఫోను మోగింది. వర్క్‌షాపు మేస్త్రి. "సార్, బడి కుర్చీలు వ్యాన్ ఎక్కించేశాం. బయల్దేరమంటారా?"

ఆయన కుర్చీ వైపు చూశారు. ఖాళీ శాలువా మెల్లగా పొంగుతోంది, మెల్లగా అణుగుతోంది, లోపలెవరో నిద్రపోతున్నట్టు.

"దించెయ్యండి. అన్నీ బట్టీలో పెట్టండి. ఎండ చాలన్నాను కదా... తప్పు నాదే. కాల్చాల్సింది."

పైకే అన్నారు, మా అందరికీ వినబడేలా. శాలువా కదలడం ఆగింది.